మందుల చీటీ – నాడు, నేడు

ఉద్దేశం

మాట స్పష్టంగా ఉంటే పని సక్రమంగా జరుగుతుంది. మాటను తప్పుగా చదివితే మేలు చేయవలసిన మందే కీడు చేస్తుంది. వైద్యుడు వ్రాసిన చీటీ మందుగా మారి రోగి చేతికి చేరేవరకు ఏమేమి జరుగుతుందో, ఆ దారిలో కంప్యూటర్ తెచ్చిన మార్పు ఏమిటో, అందులో మన బాధ్యత ఎంతో తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

జ్వరం వచ్చినా, దెబ్బ తగిలినా మనం వైద్యుని దగ్గరకు వెళతాం. ఆయన నాడి చూసి, నాలుక చూసి, అవసరమైతే రక్తపరీక్ష చేయించి, చివరకు ఒక కాగితం మీద నాలుగు పంక్తులు వ్రాసి ఇస్తారు. అదే మందుల చీటీ. దీనినే ప్రిస్క్రిప్షన్ అంటారు. చూడటానికి అది చిన్న కాగితమే. కాని అది ముగ్గురిని కలిపే ఉత్తరం. వ్రాసేవారు వైద్యుడు. చదివేవారు మందుల దుకాణంలోని ఫార్మసిస్టు. దాని ఫలితాన్ని అనుభవించేవారు రోగి. మామూలు ఉత్తరంలో ఒక మాట అర్థం కాకపోతే మళ్ళీ అడిగి తెలుసుకోవచ్చు. ఈ ఉత్తరంలో ఒక మాట మారితే ప్రాణాపాయమే కలుగవచ్చు.

అందుకే మన దేశంలో ఈ చీటీకి చట్టం కొన్ని హద్దులు పెట్టింది. 1940లో మందుల గురించి చట్టం వచ్చింది. 1945లో దానికి నియమాలు ఏర్పడ్డాయి. ఆ నియమాల ప్రకారం మందుల చీటీ వ్రాతలో ఉండాలి. వైద్యుని సంతకం, తేదీ ఉండాలి. రోగి పేరు, చిరునామా ఉండాలి. మొత్తం ఎంత మందు ఇవ్వాలో, ఒక్కొక్కసారి ఎంత వాడాలో తెలియజేయాలి. ఇన్ని చెప్పిన నియమాలు ఉన్నప్పటికీ, చాలాకాలం పాటు చీటీల మీది అక్షరాలు మాత్రం చదవడానికి కష్టంగానే ఉంటూ వచ్చాయి. ఎక్కువమంది రోగులు, తక్కువ సమయం, వేగంగా కదిలే చేయి – ఇవన్నీ దానికి కారణాలు.

చీటీలోని గుర్తులు

చీటీలో వైద్యులు కొన్ని పొడి అక్షరాలు వాడతారు. ఇవి లాటిన్ మాటలకు సంక్షిప్త రూపాలు. ఓ.డి. అంటే రోజుకు ఒకసారి. బి.డి. అంటే రోజుకు రెండుసార్లు. టి.డి.ఎస్. అంటే రోజుకు మూడుసార్లు. హెచ్.ఎస్. అంటే పడుకునే ముందు. ఎస్.ఓ.ఎస్. అంటే అవసరమైనప్పుడు మాత్రమే. కొందరు వైద్యులు 1-0-1 అని వ్రాస్తారు. ఉదయం ఒకటి, మధ్యాహ్నం ఏమీ లేదు, రాత్రి ఒకటి అని దాని భావం. ఈ గుర్తుల్లోనూ చిక్కులున్నాయి. ఓ.డి. అంటే సాధారణ వైద్యునికి రోజుకు ఒకసారి. కంటి వైద్యునికి కుడి కన్ను.

అంకెలతో మరింత జాగ్రత్త కావాలి. 1.0 అని వ్రాసినప్పుడు మధ్యలోని చుక్క సరిగా పడకపోతే అది 10 అవుతుంది. అరకు ముందు సున్నా పెట్టకుండా .5 అని వ్రాస్తే, చుక్క కనబడనివారు దానిని 5 అని చదువుతారు. రెండుచోట్లా మందు పదింతలవుతుంది. ఇన్సులిన్‌ను యూనిట్లలో కొలుస్తారు. యూనిట్లు అనే మాటకు బదులు ఇంగ్లీషు 'యు' అక్షరం ఒక్కటే వ్రాస్తే, అది సున్నాలాగా కనబడి 10 యూనిట్లు 100 అయ్యే ప్రమాదం ఉంది. కాబట్టి ఒకటి అయితే 1 అనే వ్రాయాలి. అర అయితే 0.5 అని వ్రాయాలి. యూనిట్లు అనే మాటను పూర్తిగా వ్రాయాలి. లెక్కల పుస్తకంలో చుక్క తప్పితే ఒక మార్కు పోతుంది. ఇక్కడ చుక్క తప్పితే మనిషే పోవచ్చు.

ఒక్క పేరు తెచ్చిన ఆపద

1980వ దశకంలో ఇంగ్లండులో జరిగిన సంగతి ఇది. ఛాతీలో ఇన్ఫెక్షన్‌తో బాధపడుతున్న ఒక రోగికి వైద్యుడు అమాక్సిల్ అనే మందు వ్రాశాడు. అది సూక్ష్మజీవులను చంపే మందు. చేతివ్రాత స్పష్టంగా లేదు. ఫార్మసిస్టు దానిని డయోనిల్ అని చదివాడు. డయోనిల్ మధుమేహ రోగుల రక్తంలో చక్కెరను తగ్గించే మందు. మధుమేహం లేని ఆ రోగి దానిని వేసుకున్నాడు. రక్తంలో చక్కెర మరీ పడిపోయి, అతని మెదడు శాశ్వతంగా దెబ్బతిన్నది.

వ్యవహారం న్యాయస్థానానికి వెళ్ళింది. తప్పు ఎవరిది? అస్పష్టంగా వ్రాసిన వైద్యునిదా? తప్పుగా చదివిన ఫార్మసిస్టుదా? న్యాయస్థానం ఆ చీటీని జాగ్రత్తగా పరిశీలించింది. పేరు అస్పష్టంగా ఉన్న మాట నిజమే. కాని అదే చీటీలో మరికొన్ని ఆధారాలు కనబడుతున్నాయి. వ్రాసిన మోతాదు 250 మిల్లీగ్రాములు. డయోనిల్ మాత్ర 5 మిల్లీగ్రాములది. రోజుకు మూడుసార్లు వాడాలని వ్రాసి ఉంది. డయోనిల్‌ను సాధారణంగా అలా వాడరు. పైగా ఆ దేశంలో మధుమేహ రోగులకు మందులు ఉచితం. ఈ రోగి డబ్బు చెల్లించాడు. ఇన్ని ఆధారాలున్నప్పుడు ఫార్మసిస్టుకు సందేహం కలగాలి, వైద్యుని అడగాలి అని న్యాయస్థానం భావించింది. బాధ్యతలో నాలుగింట మూడు వంతులు ఫార్మసిస్టు వైపు, నాలుగింట ఒక వంతు వైద్యునిపై ఉంచింది. చదివేవాడు ఆగి ఆలోచించి ఉంటే, వ్రాసినవాని లోపం కూడా సరిదిద్దబడి ఉండేది.

1995లో అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో ఇటువంటిదే మరొకటి జరిగింది. గుండెనొప్పి ఉన్న 42 ఏండ్ల వ్యక్తికి వైద్యుడు ఐసార్డిల్ వ్రాస్తే, దుకాణంలో ప్లెండిల్ అని చదివి ఇచ్చారు. ఐసార్డిల్ మోతాదులో ప్లెండిల్‌ను వాడటంతో అది రోజుకు వాడదగిన గరిష్ఠ పరిమాణానికి ఎనిమిదింతలయింది. ఆ రోగి మరణించాడు. 1999లో జ్యూరీ ఆ కుటుంబానికి 4,50,000 డాలర్ల నష్టపరిహారం ఇవ్వాలని తీర్పు చెప్పింది. వ్రాసినవారు, ఇచ్చినవారు కూడా బాధ్యులేనని తేల్చింది.

కొన్ని మందుల పేర్లే ఒకదానినొకటి పోలి ఉంటాయి. కడుపులో ఆమ్లాన్ని తగ్గించే లోసెక్ అనే మందు, శరీరంలోని నీటిని బయటకు పంపే లాసిక్స్ అనే మందుతో కలగాపులగమయ్యేది. అందువల్ల 1990లో అమెరికాలో లోసెక్ పేరును ప్రిలోసెక్‌గా మార్చారు. ఒక మందు పేరు మార్చవలసి వచ్చిందంటే పొరపాట్లు ఎంత సులభంగా జరుగుతాయో ఊహించుకోవచ్చు.

కంప్యూటర్ వ్రాసే చీటీ

చేతివ్రాతతో వచ్చే చిక్కులను తప్పించడానికి ఏర్పడిన పద్ధతే ఎలక్ట్రానిక్ మందుల చీటీ. స్వీడన్ దేశంలో 1983లోనే కంప్యూటర్ ద్వారా మందుల చీటీని పంపి చూశారు. ఎస్తోనియా అనే చిన్న దేశం 2010 జనవరి 1 నుండి దేశమంతటా ఈ పద్ధతిని అమలులోకి తెచ్చింది. అక్కడ రోగి కాగితం తీసుకొని వెళ్ళనక్కరలేదు. ఏ మందుల దుకాణానికి వెళ్ళినా గుర్తింపు కార్డు చూపితే చాలు. ఆయనకు వైద్యుడు వ్రాసిన మందు అక్కడి కంప్యూటర్‌లో కనబడుతుంది. 2019 నుండి ఫిన్లండు వైద్యులు వ్రాసిన చీటీకి ఎస్తోనియాలోని దుకాణాల్లో కూడా మందు దొరికే ఏర్పాటు జరిగింది. చీటీ దేశం సరిహద్దునే దాటింది.

ఈ పద్ధతి ఎలా పనిచేస్తుందో చూద్దాం. వైద్యుని ముందున్న కంప్యూటర్‌లో రోగి వివరాలు ఉంటాయి. వయస్సు, బరువు, ఇదివరకు వాడుతున్న మందులు, పడని మందులు అందులో నమోదై ఉంటాయి. వైద్యుడు మందు పేరును, దాని బలాన్ని, ఎన్ని పూటలు, ఎన్ని రోజులు వాడాలో ఎంచుకుంటారు. వెంటనే కంప్యూటర్ తన దగ్గరున్న వివరాలతో దానిని సరిపోల్చి చూస్తుంది. రోగికి పెన్సిలిన్ పడదని నమోదై ఉండి, వైద్యుడు అదే జాతికి చెందిన అమాక్సిసిలిన్ వ్రాస్తే హెచ్చరిస్తుంది. రక్తం గడ్డకట్టకుండా చేసే వార్ఫరిన్ వాడుతున్న రోగికి యాస్పిరిన్ కూడా వ్రాస్తే, రక్తస్రావం ఎక్కువయ్యే ప్రమాదం ఉందని తెలుపుతుంది. మోతాదు మించినా చెబుతుంది. అంతా సరిగా ఉందనుకున్న తరువాత వైద్యుడు ఎలక్ట్రానిక్ సంతకం చేస్తారు. చీటీ దుకాణంలోని కంప్యూటర్‌కు చేరుతుంది. ఫార్మసిస్టు మళ్ళీ ఒకసారి పరిశీలించి మందు ఇచ్చి, ఇచ్చినట్లు నమోదు చేస్తారు. దానితో అదే చీటీని మరొకచోట చూపి మళ్ళీ మందు కొనే వీలుండదు.

దీనివల్ల ప్రయోజనం ఎంత? అమెరికాలోని బోస్టన్ నగరంలో ఒక పెద్ద ఆసుపత్రి వైద్యులు కంప్యూటర్ ద్వారా మందులు వ్రాసే పద్ధతిని పరిశీలించి, 1998లో ఫలితాలు ప్రకటించారు. ప్రమాదకరమైన మందుల పొరపాట్లు 55 శాతం తగ్గాయి. అంటే సగానికి పైగా తగ్గాయన్నమాట.

యంత్రానికీ హద్దులున్నాయి

55 శాతం తగ్గాయంటే మిగిలినవి తగ్గలేదని కూడా అర్థం. కంప్యూటర్ అక్షరాన్ని స్పష్టం చేస్తుంది. తప్పుగా ఎంచుకున్న పేరును కూడా అంతే స్పష్టంగా ముద్రిస్తుంది. జాబితాలో ఒకదాని క్రింద ఒకటి ఉన్న పేర్లలో వేలు ఒక్క వరుస జారితే, మందు మారిపోతుంది. గజిబిజి వ్రాత చూస్తే చదివేవారికి సందేహం కలుగుతుంది. చక్కగా అచ్చయిన చీటీ చూస్తే సందేహం కలగదు. అది కొత్త ప్రమాదం.

2005లో అమెరికాలో జరిగిన మరొక పరిశీలనలో, ఒక ఆసుపత్రిలోని కంప్యూటర్ పద్ధతి 22 రకాల పొరపాట్లకు అవకాశమిస్తున్నదని తేలింది. మెథోట్రెక్సేట్ అనే మందును కీళ్ళ జబ్బుకు వారానికి ఒకసారి మాత్రమే వాడాలి. చాలా మందులు రోజూ వాడేవే కావడం వల్ల, 'ప్రతిరోజూ' అనే మాటను ఎంచుకుంటే అది ప్రాణాంతకమవుతుంది. హెచ్చరికలతో కూడా ఒక చిక్కు ఉంది. ముఖ్యమైన వాటికీ, ముఖ్యం కాని వాటికీ కంప్యూటర్ మాటిమాటికీ హెచ్చరిస్తుంటే, చూసి చూసి విసిగిన వైద్యుడు అవసరమైన హెచ్చరికను కూడా చదవకుండా దాటవేయవచ్చు. 'నాన్నా పులి' కథ మీకు తెలుసు కదా! పిలుపు మరీ ఎక్కువైతే నిజంగా పులి వచ్చినప్పుడు ఎవరూ రారు.

మన దేశంలో

మన దేశంలో ఈ మార్పు మెట్టు మెట్టుగా వచ్చింది. 2016లో నాటి భారత వైద్య మండలి, వైద్యులు మందుల అసలు పేర్లను స్పష్టంగా, వీలైనంతవరకు పెద్ద అక్షరాలలో వ్రాయాలని నియమం చేసింది. 2019 నవంబరులో ఈ-సంజీవని అనే దూరవైద్య సేవను ఆరోగ్య కేంద్రాలలో మొట్టమొదట ఆంధ్రప్రదేశ్ ప్రారంభించింది. ఊరి ఆరోగ్య కేంద్రంలో కూర్చున్న రోగి, దూరాన ఉన్న వైద్యునితో మాట్లాడి సలహా పొందవచ్చు. 2020లో కరోనా వ్యాధి వ్యాపించినప్పుడు ఆ అవసరం మరింత పెరిగింది. ఆ ఏడాది మార్చి 25న దూరవైద్యానికి మార్గదర్శక సూత్రాలు వెలువడ్డాయి. సంతకం చేసిన చీటీ ఫోటోను గాని, ఎలక్ట్రానిక్ చీటీని గాని రోగికి పంపడానికి వాటిలో వీలు కల్పించారు. వైద్యుడు ప్రత్యక్షంగా చూడకుండా వ్రాయకూడని మందులు ఏవో కూడా నిర్ణయించారు. 2021 సెప్టెంబరులో ప్రతి వ్యక్తికీ 14 అంకెల ఆరోగ్య సంఖ్య ఇచ్చే జాతీయ పథకం ప్రారంభమైంది.

న్యాయస్థానాలు కూడా ఈ విషయంలో కలుగజేసుకున్నాయి. 2024 జనవరిలో ఒరిస్సా హైకోర్టుకు పాముకాటు మరణానికి సంబంధించిన ఒక వ్యాజ్యం వచ్చింది. శవపరీక్ష నివేదికలోని చేతివ్రాత చదవడం సాధ్యం కాలేదు. చివరకు వ్రాసిన వైద్యుడే వివరించవలసి వచ్చింది. అప్పుడు హైకోర్టు, వైద్యులు నివేదికలనూ మందుల చీటీలనూ చదవగలిగేటట్లు వ్రాయాలి, లేదా టైపు చేయాలి అని ఆదేశించింది. 2025 ఆగస్టులో పంజాబ్, హర్యానా హైకోర్టు ఇంకొక అడుగు ముందుకు వేసింది. చదవగలిగే మందుల చీటీని పొందడం, రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమని చెప్పింది. అంటే అది వైద్యుడు చూపే దయ కాదు. రోగికి ఉన్న హక్కు.

చివరి మజిలీ – మన ఇల్లు

వైద్యుని నుండి దుకాణానికి చీటీ క్షేమంగా చేరిందనుకుందాం. ప్రయాణం అక్కడితో ముగియదు. మందు ఇంటికి రావాలి. సరైన పూట, సరైన మోతాదులో వేసుకోవాలి. ఈ చివరి మజిలీలో కంప్యూటర్ మన వెంట రాదు.

హోసూరులో గాని, బళ్ళారిలో గాని, బరంపురంలో గాని, షోలాపూరులో గాని ఉన్న తెలుగు ఇంటిని తలచుకోండి. చీటీ ఇంగ్లీషులో ఉంటుంది. దుకాణంలో తమిళమో, కన్నడమో, ఒడియానో, మరాఠీయో వినబడుతుంది. ఇంట్లో మందు వేసుకోవలసిన అమ్మమ్మకు తెలుగు మాటే బాగా తెలుసు. మూడు భాషలు దాటి వచ్చిన ఆ మాటను చివరకు అమ్మమ్మకు చెప్పేది ఎవరు? చాలా ఇళ్ళలో బడికి వెళ్ళే పిల్లలే. అంటే మీరే.

చెప్పేటప్పుడు మాటను తూచి చెప్పాలి. 'రోజుకు మూడు మాత్రలు' అన్నారనుకోండి. మూడూ ఒకేసారి మింగాలా? పూటకొకటి చొప్పునా? వినేవారు ఎలాగైనా అర్థం చేసుకోవచ్చు. 'ఉదయం ఒకటి, మధ్యాహ్నం ఒకటి, రాత్రి ఒకటి, భోజనం చేసిన తరువాత' అంటే సందేహానికి తావుండదు. 'ఖాళీ కడుపుతో' అన్నమాట కంటే 'పరగడుపున' అన్న మాట అమ్మమ్మకు వెంటనే తెలుస్తుంది. మన భాషలోని చక్కని మాట ఇక్కడ ప్రాణాన్ని కాపాడే పనికి వస్తుంది.

మందు తీసుకునేటప్పుడు అయిదు సంగతులు అడిగి తెలుసుకోవాలి. ఇది ఏ మందు? ఎందుకు వాడాలి? ఎంత వాడాలి? ఎప్పుడు వాడాలి? ఎన్ని రోజులు వాడాలి? చీటీలో ఉన్న పేరు, పెట్టె మీది పేరు ఒకటేనా అని అక్షరం అక్షరం సరిచూడాలి. పెద్దలు వాడుతున్న ఇతర మందులను, పడని మందులను వైద్యునికి ముందే చెప్పాలి. అనుమానం కలిగితే మన ఊహతో మోతాదు మార్చకూడదు. ఫార్మసిస్టునో, వైద్యునో మళ్ళీ అడగాలి. అడగడం అమర్యాద కాదు. ఇంగ్లండులో ఆనాడు ఒక్క ప్రశ్న అడిగి ఉంటే ఒక మనిషి మెదడు చెడిపోయేది కాదు.

చీటీ కాగితం మీద ఉన్నా, కంప్యూటర్ తెర మీద ఉన్నా, అది ఒక మనిషి మరొక మనిషి మేలు కోరి పంపిన మాట. దానిని స్పష్టంగా వ్రాయడం వైద్యుని ధర్మం. శ్రద్ధగా చదవడం ఫార్మసిస్టు ధర్మం. తెలియనిది అడిగి, తెలిసింది ఇంట్లో అర్థమయ్యేటట్లు చెప్పడం మన ధర్మం.

భాషా విశేషం

మందు అనే మాటకు మన పొరుగు భాషల్లో చుట్టాలున్నాయి. తమిళంలో మరుందు, కన్నడంలో మద్దు అంటారు. ఇవి మూడూ ఒకే మూలం నుండి వచ్చిన ద్రావిడ పదాలు. ఒడియా, మరాఠీ భాషల్లో సంస్కృతం నుండి వచ్చిన ఔషధ శబ్దాన్ని వాడతారు. తెలుగులో మనకు మందు, ఔషధం రెండూ ఉన్నాయి.

పదాలు – అర్థాలు

మోతాదు : ఒకసారి వాడవలసిన మందు పరిమాణం
ప్రాణాంతకం : ప్రాణం తీసేది
వ్యాజ్యం : న్యాయస్థానంలో వేసిన దావా
అధికరణం : రాజ్యాంగంలోని ఒక విభాగం
పరగడుపు : ఉదయం ఏమీ తినకముందు ఉండే స్థితి
మజిలీ : ప్రయాణంలో ఆగే చోటు

అభ్యాసం

అ) ఈ క్రింది ప్రశ్నలకు రెండు మూడు వాక్యాలలో జవాబులు వ్రాయండి.
1. మందుల చీటీని 'ముగ్గురిని కలిపే ఉత్తరం' అని ఎందుకు అన్నారు?
2. 1.0 అని, .5 అని వ్రాయడం వల్ల కలిగే ప్రమాదం ఏమిటి?
3. లోసెక్ అనే మందు పేరును అమెరికాలో ఎందుకు మార్చారు?
4. 1-0-1 అనే గుర్తుకు అర్థం ఏమిటి?

ఆ) ఈ క్రింది ప్రశ్నలకు పది వాక్యాలలో జవాబులు వ్రాయండి.
1. ఇంగ్లండు రోగి విషయంలో ఫార్మసిస్టు గమనించదగిన ఆధారాలేవి? న్యాయస్థానం బాధ్యతను ఎలా పంచింది? ఆ పంపకం న్యాయమైనదేనా? మీ అభిప్రాయం వ్రాయండి.
2. ఎలక్ట్రానిక్ మందుల చీటీ వల్ల కలిగే మేలుకీడులను వివరించండి.

ఇ) సొంతవాక్యాలలో ఉపయోగించండి.
మెట్టు మెట్టుగా, తూచి చెప్పు, సందేహానికి తావు, కలగాపులగం

ఈ) వ్యాకరణం
1. సంధి విడదీసి, సంధి పేరు వ్రాయండి. ప్రాణాపాయం, రాజ్యాంగం
ఉదా : ప్రాణాంతకం = ప్రాణ + అంతకం – సవర్ణదీర్ఘ సంధి
2. విగ్రహవాక్యం వ్రాసి, సమాసం పేరు తెలపండి. మేలుకీడులు, మూడు భాషలు
ఉదా : మందుల దుకాణం – మందుల యొక్క దుకాణం – షష్ఠీ తత్పురుష సమాసం

ఉ) చేయవలసిన పని
మీ ఇంట్లో పెద్దలు రోజూ వాడే మందుల పేర్లు, వేసుకునే పూటలు, మోతాదులు తెలుగులో ఒక పట్టికగా వ్రాయండి. దానిని వైద్యునికి గాని, ఫార్మసిస్టుకు గాని చూపించి, సరిగా ఉందని తెలుసుకున్న తరువాతనే గోడకు అతికించండి.